జబ్బు లేనివాళ్ళ నెత్తురు

జీపు ఎర్రగుంటపాళెం పాలకేంద్రం ముందు ఆగేసరికి ఉదయం ఆరున్నర కావస్తోంది. రూబీ ఐసు పెట్టె దింపుకుంటూ అటు చూసింది. పాలు పోసేవాళ్ళు, ఇంటికి పోయించుకునేవాళ్ళు మూతులకు తువ్వాళ్ళు చుట్టుకుని వరుసలో ఉన్నారు. వాళ్ళకు ఎడంగా, రోడ్డుకు ఇవతలి పక్క, నలభై ఏళ్ళ మనిషి ఒకామె స్టీలు క్యాను పట్టుకుని నిలబడి ఉంది. వరుస అంతా అయిపోయేదాకా అట్లాగే నిలబడింది. పాలకేంద్రం నడిపే కేశవ చివరి మనిషి పాలు కొలిచి, కొలపాత్ర కడిగి బోర్లించి, ఆమె వంక చూడకుండానే, "ఈపొద్దు కూడా వద్దులే వెంగమ్మా. జనం ఒప్పుకోవడంలే" అన్నాడు.

ఆమె నాలుగు అడుగులు వేసి కాలవ పక్కన గొంతుకూర్చుని క్యాను వంచింది. ఒక్కసారిగా కుమ్మరించలేదు. సన్నటి ధారగా చివరి చుక్కదాకా పోసింది. తర్వాత అంచుకు అంటిన మట్టిని కొంగుతో తుడిచి, మూత బిగించి, దిగువ వీధి వైపు నడిచింది. ఆ వీధి మొదట్లో తుమ్మకంప అడ్డం వేసి ఉంది. ఆమె కంప పక్కనుంచి, చీర పట్టుకుని, ఒడుపుగా దూరింది. రోజూ దూరే మనిషి దూరినట్టే ఉంది.

ఆ ఊరి ఆశా కార్యకర్త మాధవిని అడిగితే సంగతి చెప్పింది. జులై మొదట్లో వెంగమ్మ కూతురి కాన్పు కోసం ఆత్మకూరు పోయి వచ్చింది. వచ్చిన మూడో రోజు జ్వరం. ముక్కులో పుల్ల పెట్టి చూస్తే కరోనా అన్నారు. అంబులెన్సు ఎక్కించి తీసుకుపోయి పద్నాలుగు రోజులు ఉంచి పంపారు. ఆమె అక్కడ ఉండగానే ఎగువ వీధిలో చెంచురామయ్య అనే పెద్దాయన ఆయాసంతో చనిపోయాడు. ఆయనకూ అదే జబ్బని తేలింది. ఆయన ఇంటికీ, ఊళ్ళో ఇంకొన్ని ఇళ్ళకూ ఆరేళ్ళుగా పాలు పోసేది వెంగమ్మే. ఇంకేం కావాలి! ఊరు అప్పుడే తేల్చేసింది. ఆమె తిరిగొచ్చి నెల దాటినా, ఒంట్లో జబ్బు లేదని కాగితం ఉన్నా, ఆమె పాలు ఎవరూ ముట్టరు. కంప వేసింది చెంచురామయ్య కొడుకు నాగార్జున.

రూబీ ఉదయగిరి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. కాంట్రాక్టు ఉద్యోగం. మార్చి నుంచి ఆమె చేస్తున్న పనంతా జబ్బు ఉన్నవాళ్ళను వెతకడమే. దగ్గేవాళ్ళు, జ్వరం వచ్చినవాళ్ళు, వాళ్ళ పక్కన పడుకున్నవాళ్ళు. ఇప్పుడు వచ్చిన పని దానికి తిరగబడి ఉంది. ఏ జబ్బూ లేదనుకునేవాళ్ళ దగ్గరికి పోయి నెత్తురు తీసుకోవాలి. జబ్బు వచ్చి పోయిన ఒంట్లో, ఆ సంగతి మనిషికి తెలిసినా తెలియకపోయినా, నెత్తురులో దాని గుర్తు మిగులుతుంది. తెలియకుండా వచ్చిపోయినవాళ్ళు ఎంతమందో ఆ గుర్తును బట్టి అంచనా కడతారు. ఊళ్ళో నూట అరవై ఇళ్ళు. అందులో ఇరవై నాలుగింటిని నెల్లూరులో చీటీ వేసి తీశారు. ఇంటికి ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో ఆ ఇంటి గడపలోనే మళ్ళీ చీటీ వేసి తేల్చాలి. జాబితా సూపర్‌వైజరు జనార్దనయ్య చేతిలో ఉంది. రేపు సాయంత్రానికల్లా పని ముగిసి డబ్బాలు ఆత్మకూరు చేరాలి.

మొదటి ఇంటి అరుగు మీద రూబీ కాగితాలు సర్దుకుంటుండగా నాగార్జున వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. తండ్రి పోయినప్పటినుంచి గడ్డం తీయలేదు. జాబితా అడిగి తీసుకుని చదివి, ఎగువ వీధి ఇళ్ళే పదిహేను ఉన్నాయేమని జనార్దనయ్యను నిలదీశాడు. చీటీలో ఎట్లా పడితే అట్లా వచ్చాయని ఆయన సర్దిచెప్పబోయాడు.

"జబ్బుండేది దిగువ వీధిలో సార్. మా వీధిలో ఒక్కరికి తుమ్ము కూడా లేదు. జబ్బు లేనోళ్ళ నెత్తురు మీకెందుకు?"

"లేదనుకునేవాళ్ళ కోసమే వచ్చినామన్నా" అంది రూబీ. "జబ్బుచేసి ఆసుపత్రికి వచ్చినోళ్ళు మా రికార్డులో ఉండారు. వచ్చిపోయినా తెలీనోళ్ళు ఎంతమందో ఎవరికీ తెలీదు. అది తెలియాలంటే బాగుండేవాళ్ళనే అడగాల."

"వచ్చినట్టు నాకే తెలీకపోతే అది జబ్బెట్టా అవుతాది?" అన్నాడతను. సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ మాట వీధంతా పాకింది. మధ్యాహ్నానికి పదమూడు ఇళ్ళ వాళ్ళు చేయి చాపారు. దిగువ వీధి తొమ్మిది ఇళ్ళూ అందులోనే ఉన్నాయి. ఎగువ వీధిలో నలుగురు. మిగతా పదకొండు ఇళ్ళలో కొందరు తలుపు తీయలేదు. కొందరు పొలం పోయారన్నారు. ఒకామె, పేరు ఎక్కించుకున్నాక అంబులెన్సు వస్తుందని విన్నాను అంది. చీటీల్లో వెంగమ్మ ఇల్లు పడనే లేదు. ఆమె మాత్రం కంప అవతలినుంచి రూబీని పిలిచి, కావాలంటే తన నెత్తురు తీసుకోమంది. మీ ఇల్లు చీటీలో రాలేదక్కా అంటే, "మంచి పనికి ఎప్పుడు వచ్చింది గనక" అని నవ్వింది.

జనార్దనయ్య పాలకేంద్రం నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. అయిదు నెలలుగా ఆదివారం కూడా ఇంటిపట్టున లేడు. బూట్లు విప్పి, వాచిన పాదాలను ఒకదానిమీద ఒకటి వేసి రుద్దుకుంటూ, తక్కువ పడిన పదకొండూ దిగువ వీధిలో పూర్తి చేద్దామన్నాడు. అక్కడ కాదనేవాళ్ళు లేరు. గంటలో పని అయిపోతుంది.

"చీటీ పడని ఇంట్లో తీసి, పడిన ఇంటి నంబరు వెయ్యమంటారా సార్?"

"నంబరు నంబరేనమ్మా. నెత్తురు నెత్తురే. ఎవరు చూడొచ్చినారు?"

పొద్దుట చూసిన పాలధార రూబీ కళ్ళముందే ఉంది. ఇచ్చేవాళ్ళ దగ్గరే తీసుకుంటూ పోతే జబ్బంతా దిగువ వీధిలోనే ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కుతుంది. ఎగువ వీధివాళ్ళు తలుపులు వేసుకున్నందుకే శుభ్రంగా ఉన్నట్టు తేలుతుంది. ఊరు నోటితో చెప్తున్న మాటకే తను సర్కారు ముద్ర వేసినట్టవుతుంది.

"ఇయ్యనంటే ఇయ్యలేదని రాద్దాం సార్. వేరేవాళ్ళది మాత్రం వెయ్యను. రేపు ఒక్కదాన్నైనా మళ్ళీ తిరుగుతా" అంది.

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, బూట్లు తొడుక్కుని, తీసిన ట్యూబులతో జీపెక్కాడు. కోపంగా ఏమీ లేడు. అలసిపోయాడంతే.

మర్నాడు ఆమె ఇంకా చీకటి విడవకముందే ఉదయగిరి నుంచి స్కూటీ మీద బయలుదేరింది. పొలం పోయారన్న మాట నిజమే కావచ్చు. అందుకని మాధవిని వెంటబెట్టుకుని పొలాలకే పోయింది. కంది చేలల్లో కలుపు తీస్తున్నారు. గట్టు మీదే ఒక్కో ఇంటికి చీటీ వేసి, గోనెసంచి పరిచి, మోకాలి మీద చేయి పెట్టించుకుని, రబ్బరు పట్టీ బిగించి, వేలితో నరం వెతికింది. కొడవలి పట్టే చేతులకు నరం వెతకాల్సిన పని లేదు. తాడులాగా పైకే కనపడుతుంది. నెత్తురు తీసేముందు అందరినీ ఒకే ప్రశ్నలు అడిగింది. జ్వరం వచ్చిందా, దగ్గు వచ్చిందా, వాసన తెలియకుండా పోయిందా. ఎవరూ ఏమీ లేదన్నారు. ఒక మొగమనిషి సూది చూసి గట్టుమీదే సొమ్మసిల్లితే అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి చల్లుతూ, ఇంటిదగ్గర ఈయన అరుపులు వినాల్సిందని రూబీతో చెప్పింది. పది గంటలకు ఏడు ట్యూబులు నిండాయి. ఇంకా నాలుగు.

ఆ నాలుగిళ్ళూ నాగార్జున ఇంటి చుట్టూ ఉన్నాయి. వాటిలో నాగార్జున ఇల్లు ఒకటి. రూబీ అతని గడప ముందు నిలబడి పిలిచింది. అతను గుమ్మంలోకి వచ్చి నెత్తురు ఇచ్చేది లేదని మళ్ళీ చెప్పాడు. పక్కిళ్ళ ఆడవాళ్ళు అరుగుల మీదికి వచ్చారు. తీసిన నెత్తురు ఏం చేస్తారో అని ఒకామె, తీసేవాళ్ళకు ఎవరు తీస్తారో అని ఇంకొకామె అన్నారు.

తీసేవాళ్ళదీ తీయాలని కాగితాల్లో ఉంది. సిబ్బందికి వేరే ఫారం. సాయంత్రం ఆసుపత్రిలో తీయించుకుందామనుకుంది రూబీ. ఇప్పుడు అరుగు చివర కూర్చుని సంచిలోంచి కొత్త సూది తీసింది. ఎడమ చేతికి పట్టీ చుట్టి, మాస్కు కిందికి లాగి, ఒక కొస పళ్ళతో బిగించింది. మాస్కు పైకి లాక్కుని చేతులు శుభ్రం చేసుకుని కుడిచేత్తో సూది పెట్టింది. మొదటిసారి నరం తప్పింది. రెండోసారి ట్యూబులోకి ఎర్రగా పాకింది. నిండాక దూది అదిమి, మోచేయి మడిచి, ట్యూబు మీద పేరు రాసి, మిగతావాటి పక్కన ఐసు పెట్టెలో పెట్టింది.

లోపలినుంచి నాగార్జున తల్లి మహాలక్ష్మి వచ్చింది. బోసి నుదురు, మెడ చుట్టూ చుట్టుకున్న కొంగు. కొడుకును కొంచెం పక్కకు జరగమని, రూబీ కళ్ళలోకి చూసింది.

"ఆయనకు షుగర్ చూడను మంగళవారం మంగళవారం వస్తా ఉన్న పిల్లవి నువ్వేనా?"

అవునంది రూబీ. జూన్ అంతా చుట్టుపక్కల ఊళ్ళలో ముసలివాళ్ళకు ఇళ్ళ దగ్గరే షుగరు చూసి మాత్రలు ఇచ్చి వచ్చేవాళ్ళు, ఆసుపత్రికి రానక్కర్లేకుండా. చెంచురామయ్య వేలు ఇవ్వడానికి చిన్నపిల్లవాడిలా మారాం చేసేవాడు. మహాలక్ష్మి అరుగు మీద కూర్చుని, "చీటీలు వెయ్యి" అంది. ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు. చీటీ ఆమెకే పడింది. నాగార్జున లోపలికి వెళ్ళిపోయాడు. తల్లి చేయి చాపింది. ఆ తర్వాత మూడిళ్ళ వాళ్ళూ చేతులు చాపారు.

ఇరవై నాలుగుకు ఇరవై నాలుగు. ఆ సాయంత్రం ఆత్మకూరులో ట్యూబులు యంత్రంలో పెట్టి తిప్పాక, పైకి తేలిన లేతపసుపు ద్రవాన్ని చిన్న సీసాల్లోకి తీసి రూబీ నంబర్లు అంటించింది. జనార్దనయ్య జాబితాలో చివరి గడి దాకా వేలు పోనిచ్చి చూసి, "మొండిదానివమ్మా" అన్నాడు.

పన్నెండో రోజు ఫలితాలు వచ్చాయి. ఆత్మకూరు ఆఫీసులో మూసిన కవరు ఇచ్చారు. ఎర్రగుంటపాళెం: ఇరవై నాలుగు నమూనాలు, గుర్తు కనిపించినవి ఏడు. రూబీ ఆ ఏడు నంబర్లనూ తన ఫారాలతో సరిచూసింది. అయిదు ఎగువ వీధివి. రెండు దిగువ వీధివి. ఏడుగురిలో ఒక్కరికీ జ్వరం లేదు, దగ్గు లేదు. ఏమీ లేదని వాళ్ళు చెప్పగా తను రాసిన గీతలు వరుసగా ఉన్నాయి. మహాలక్ష్మికి గుర్తు లేదు.

కింద వేరే కాగితం ఉంది. సిబ్బందిది. అందులో రెండో పేరు ఆమెదే. గుర్తు కనిపించింది అని ఉంది.

రూబీ ఆ వరుసను మళ్ళీ చదివింది. మార్చి నుంచి జ్వరమని ఒక్క పూట పడుకోలేదు. ఒక్క రోజు సెలవు పెట్టలేదు. అమ్మ రెబెకమ్మ అదే కంచంలో అన్నం కలిపి ముద్దలు పెట్టింది, ఆమెకూ ఏమీ కాలేదు. ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో! ఆ పరీక్ష అది చెప్పదు. మార్చి కావచ్చు, జులై కావచ్చు. జూన్ కావచ్చు. జూన్‌లో అయిదు మంగళవారాలు. ప్రతి మంగళవారం చెంచురామయ్య చేయి తన చేతిలో ఉంది. ఆ చేయి గట్టిగా ఉండేది, వేళ్ళు మాత్రం చల్లగా. అప్పట్లో తన మూతికి ఉన్నది ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కు. ఆయన చెవికి సరిగా వినపడదని దగ్గరగా వంగి మాట్లాడేది.

ఆమె అక్కడే బల్లమీద కూర్చుండిపోయింది. జనార్దనయ్య కాగితం తీసుకుని చూసి, అర్థమై, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఎవరి ఫలితం వాళ్ళకే చెప్పాలి, ఊరికి మొత్తం సంఖ్య ఒక్కటే చెప్పాలి, అది రూలు అన్నాడు. ఆమెది మాత్రం ఎక్కడా నోరు జారవద్దన్నాడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎట్లా తీసుకుంటారో తెలుసు గదా అన్నాడు. వెంగమ్మను ఏం చేశారో చూసింది గదా. రేపు మందులివ్వడానికి పోయినా గడప తొక్కనివ్వరు. పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తే కాంట్రాక్టు నిలబడదు.

"నువ్వే ఇచ్చినావని యాడుండాది? ఎవరూ చెప్పలేరు" అన్నాడు చివరికి, మెత్తగా.

"వెంగమ్మ ఇచ్చిందనీ ఎవరూ చెప్పలేరు గదా సార్" అంది రూబీ.

ఆ రాత్రి ఆమె అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రెబెకమ్మ ప్రార్థన చేసి, చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఉద్యోగం పోతే బియ్యానికి తనకొచ్చే పింఛను చాలుతుందని మాత్రం అంది.

మర్నాడు పొద్దున రూబీ మాధవితో కలిసి ఇరవై నాలుగిళ్ళకూ పోయి ఎవరి మాట వాళ్ళకు చెవిలో చెప్పింది. గుర్తు ఉన్నదని చెప్పించుకున్న ఏడుగురూ ఒకే మాట అన్నారు: నాకు ఏమీ కాలేదే! సాయంత్రం పాలవేళకు పాలకేంద్రం దగ్గరికి వచ్చి, వరుసలో ఉన్నవాళ్ళకు వినపడేట్టు సంఖ్య చెప్పింది. ఇరవై నాలుగు మందిలో ఏడుగురికి తెలియకుండా వచ్చి పోయింది. ఆ లెక్కన ఊరు మొత్తం మీద ఎంతమందికో ఊహించుకోవచ్చు. రెండు వీధుల్లోనూ ఉన్నారు. పేర్లు చెప్పకూడదు.

వరుసలో కొందరు పక్కవాళ్ళ వంక చూసి చూపు తిప్పుకున్నారు. రోడ్డుకు ఇవతల వెంగమ్మ క్యాను కింద పెట్టి నిలబడింది. కేశవ ఆమె వైపు చూశాడు, మొదటిసారి. అప్పుడు వరుసలోంచి నాగార్జున అన్నాడు:

"ఆ ఏడుగురికీ ఎవరి పాలతో వచ్చిందో తెలీదా? ఇంటింటికీ పోసింది ఈమె ఒక్కతే."

ఒకరిద్దరు తలలూపారు. కేశవ మళ్ళీ కొలపాత్ర వైపు తిరిగాడు. ఎంత కష్టపడి తెచ్చిన సంఖ్య! ఇరవై నాలుగిళ్ళు, ఎండలో గట్లు, పళ్ళతో బిగించిన పట్టీ. అదంతా ఒక్క మాటతో మళ్ళీ వెంగమ్మ మీదే పడింది. జవాబుగా ఏడు పేర్లు చెప్పే హక్కు రూబీకి లేదు. ఒక్క పేరు మీద మాత్రం తనకు హక్కుంది.

"నాగార్జునన్నా, మీకొక మాట చెప్పాల" అంది. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నాకూ వచ్చి పోయింది. నిన్ననే తెలిసింది నాకు. ఒక్క తుమ్ము రాలేదు. ఎప్పుడు వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. జూన్‌లో వారం వారం మీ ఇంటికి వచ్చినా. మీ నాయన వేలు పట్టుకుని నెత్తురు తీసినా. వెంగమ్మక్క మీ గడపలో పాలు పోసి పోయింది. నేను ఆయన పక్కన కూర్చున్నా. మీరు అడిగే మాట ఆమెను అడిగేముందు నన్ను అడగాల."

అప్పుడే వచ్చిన జీపులోంచి జనార్దనయ్య సగం దిగి అక్కడే ఆగిపోయాడు. నాగార్జున ముఖం ఎర్రబడి, తర్వాత రంగు పోయింది. పాల చెంబు వరుసలో అట్లాగే వదిలి రూబీ దాకా వచ్చాడు. ఆమె వెనక్కి జరగలేదు.

"నువ్వే అని చెప్తా ఉండావా?"

"నేను కాదని చెప్పలేకుండా ఉండా అన్నా. ఆమే అని మీరూ చెప్పలేరు. కంప వేసేదైతే నా దారిలో కూడా వెయ్యండి."

అతను తండ్రి పోయిన రోజు నుంచి పట్టుకుని ఉన్నది ఏదో చేతిలోంచి జారుతున్నట్టు పిడికిళ్ళు మూసి తెరిచాడు. తర్వాత ఎవరినీ చూడకుండా, చెంబు కూడా తీసుకోకుండా, ఇంటివైపు నడిచిపోయాడు.

అతని ఇంటి అరుగు పాలకేంద్రానికి ఎదురే. మహాలక్ష్మి అక్కడే కూర్చుని అంతా విన్నది. కొడుకు తనను దాటి లోపలికి పోయాక లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగి, మెల్లగా రోడ్డు దాటి వచ్చింది. కొడుకు వదిలిపోయిన చెంబు తీసుకుని కేశవ బల్లమీద పెట్టింది.

"ఆమె పాలు కొలువు కేశవా" అంది. "కొలిచి, మా ఇంటికి పోసేది అందులోంచి ఈ చెంబులో పొయ్యి."

కేశవ వరుస వంక చూశాడు. వరుస ఏమీ అనలేదు. అతను కొలపాత్ర ఎత్తి వెంగమ్మకు చూపించాడు. ఆమె క్యాను తీసుకుని రోడ్డు దాటింది. మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. పాలు పాత్రలో పడుతున్న చప్పుడు వింటూ రూబీ సంచి భుజానికి తగిలించుకుంది. ఇక్కడ ఇంక తన పని లేదనుకుంది.

మహాలక్ష్మి ఆమెకు అడ్డంగా నిలబడింది.

"వాడికి కోపం పెట్టుకోను ఒక మనిషి కావాల్సి వచ్చింది. నాకట్టా లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, పొయ్యే దారి ఆయనకొకటి దొరికింది. ఎవరు చూపించినారని నేను యాడ వెతికేది?" ఆగి ఊపిరి తీసుకుంది. "పది రోజులుగా నాకు కళ్ళు తిరగతా ఉండాయి. నోరు ఎండకపోతా ఉండాది. ఆయనకూ మొదట ఇట్టనే ఉన్నింది. ఆ మిషను తెచ్చినావా?"

రూబీ తల ఊపింది. మహాలక్ష్మి పాలకేంద్రం మెట్టు మీద కూర్చుని, కుడిచేయి తిప్పి, వేలు చాపింది. రూబీ చేతులు శుభ్రం చేసుకుని, కొత్త గ్లవుజులు తొడుక్కుని, మాస్కు ముక్కు మీదికి సరిగ్గా లాక్కుని, ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. వేలి చివర దూదితో తుడిచి, సూది తాకించి, మెల్లగా నొక్కింది. చిన్న ఎర్రటి బొట్టు వచ్చింది. దాన్ని మిషనుకు గుచ్చిన పట్టీకి అందించి ఇద్దరూ మిషను వంక చూశారు. రెండు వందల ముప్పై ఆరు.

"ఎక్కువుండాది పెద్దమ్మా" అంది రూబీ. "ఇప్పుడు తిని ఉండారు గదా. ఏమీ తినకుండా ఒకసారి చూడాల."

మహాలక్ష్మి దూదిముక్క వేలికి అదుముకుంటూ లేచింది. కేశవ అందించిన చెంబు తీసుకుంది.

"మంగళవారం పొద్దున్నే రా అయితే" అంది. "నువ్వొచ్చిందాకా కాఫీ కూడా తాగకుండా ఉంటా."